ఏడ్చినవాడు ఓడినట్టు లెక్క

నేలకొండపల్లి,
23 జనవరి 2025

ఆరాధనకు మామ సవరయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం చేరింది. మూడు పేజీలు రాసి, అసలు సంగతి మూడో పేజీ చివర పెట్టావు. మీ అమ్మకూ ఇదే జబ్బు ఉండేది. ఉప్పు కావాలంటే వాన సంగతి మొదలుపెట్టేది. నా చెల్లెలు కాబట్టి అనే హక్కు నాకుంది. "ఏడాది చివర పీఈటీ పరీక్ష పెడతారట, ప్రపంచంలో ఏ ఆటలో ఎవరు గెలిచారో చూసి రాయి మామా" అంటే ఒక్క కార్డు ముక్క సరిపోయేది.

పుస్తకంలో చదివింది నీకు బుర్రలో నిలవదట, నేను తిట్టింది నిలుస్తుందట. అందుకని ప్రతి ఆటనీ తిడుతూ రాయాలట. ఎక్కాలు అట్లాగే నేర్పాను, ఒప్పుకుంటాను. పదమూడో ఎక్కం దగ్గర నిన్ను ఏమన్నానో ఇప్పటికీ గుర్తుందని రాశావు చూడు, అది చదివి మీ అత్త విశ్రాంతమ్మ నా మీద ఒక పూట అలిగింది.

సరే, ఆటలను తిట్టడానికి నన్ను ఎవరూ బతిమాలక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేశాను. రంధ్రాల్లో మందు కూరి, అందరినీ వెనక్కి పంపి, పేల్చి, అన్నీ పేలాయని చూసుకుని, మళ్ళీ అందరినీ లోపలికి పంపాలి. రోజూ అదే పని. దానికి ఎవరూ మెడలో పతకం వెయ్యలేదు. ఒక కప్పు మాత్రం ఇచ్చారు. అది వంటింటి గూట్లో ఉంది. మీ అత్త అందులో అగ్గిపెట్టెలు వేస్తుంది. కప్పులకు అంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు.

పేపర్లో ఆటల పేజీ నేను చదవను. దాన్ని నేల మీద పరిచి కూర్చుంటాను. రోజూ పొద్దున యాకూబ్ హోటల్లో టీ తాగుతూ టీవీ మాత్రం చూస్తాను. అది చూసి రాస్తాను. ఫోన్ చెయ్యమని అత్తతో చెప్పించావట. ఆ డబ్బాలో నువ్వు చీమ నడిచినట్టు మాట్లాడతావు. నా చెవులకు ఏ లోటూ లేదు, లోటు ఫోన్‌దే. పైగా మీ అడవిలో సిగ్నల్ ఎక్కడేడ్చింది? ఉత్తరమే మేలు.

ఇక మొదటిది రాసుకో. ఖోఖో ప్రపంచకప్పు, ఢిల్లీ, జనవరి. మగవాళ్ళలో ఇండియా, ఆడవాళ్ళలో ఇండియా. రెండింటా ఓడింది నేపాలే. ప్రపంచకప్పు అట! మా ఫాదర్ గారి బడిలో గంట కొట్టేలోపల నాలుగు కప్పులు గెలిచేవాళ్ళం, మాకు దానికి బదులు మట్టి కొట్టుకున్న లాగులకు దెబ్బలు దొరికేవి.

కప్పు తుడవని ఇంటినుంచి,
మీ మామ

*

ఆశ్రమ పాఠశాల,
ములకలపల్లి మండలం,
16 ఫిబ్రవరి 2025

మామయ్యకు, అత్తమ్మకు ఆరాధన నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఖోఖో ఇక చచ్చినా మర్చిపోను. మట్టి లాగులు గుర్తొస్తే నేపాల్ గుర్తొస్తుంది.

ఈసారి సంగతి ముందే రాస్తున్నాను, తిట్టకండి. ఇక్కడ నేను తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద ఆటల టీచర్ని. ఈ పరీక్షతో రెగ్యులర్ వాళ్ళను తీసుకుంటే మాలాంటి వాళ్ళం బట్టలు సర్దుకోవాల్సిందే. నేను పాసైతే రెగ్యులర్ అవుతాను. కాకపోతే వచ్చే ఏడాది జూన్‌లో ఈ గేటు నాకు తెరుచుకోదు. అంతే మామయ్యా, మధ్యలో ఇంకో దారి లేదు.

ఆటల టీచరు అన్నానే గానీ ఆడించే భాగ్యం ఎక్కడ? నూట నలభై మంది ఆడపిల్లలకు ఒక వాలీబాల్, దానికి గాలి లేదు. గాలి కొట్టే పంపు బీరువాలో ఉంది, ఆ బీరువా తాళం బదిలీ అయిపోయిన పాత హెడ్మాస్టరమ్మ పట్టుకెళ్ళింది. కొత్తగా వచ్చిన ప్రమీల మేడంను అడిగితే "ఆటలదేముందమ్మా, అవి ఎప్పుడైనా ఆడుకుంటరు, ముందు దోమతెరలు లెక్కపెట్టు" అన్నది. లెక్కపెట్టాను. నూట ముప్పై ఎనిమిది ఉన్నాయి. మిగిలిన రెండు ఏమయ్యాయని నన్నే సంజాయిషీ అడిగింది. ఇది ప్రపంచకప్పులో ఏ ఆట కిందికి వస్తుందో మీరే చెప్పాలి.

పిల్లలు మాత్రం బాల్ లేకపోయినా పరిగెడతారు. నేను విజిల్ ఊదితే కోయలో ఏదో అనుకుని నవ్వుతారు. అడిగితే "ఏం లేదు మేడం" అంటారు. మీ భాషలో చెప్పాలంటే, నన్ను తిడుతున్నారు, అది వాళ్ళకు బాగా గుర్తుంటుంది.

దయచేసి గెలిచినవాళ్ళతో పాటు ఓడినవాళ్ళ పేర్లు కూడా రాయండి. పరీక్షలో రెండూ అడుగుతారు.

మీ మేనకోడలు,
ఆరాధన

*

నేలకొండపల్లి,
16 జూన్ 2025

ఆరాధనకు,

మార్చిలో క్రికెట్ చాంపియన్స్ ట్రోఫీ ఇండియాది, ఓడింది న్యూజిలాండ్. ఊరంతా నెల రోజులు అదే వాగుడు, కాబట్టి తిట్టకపోయినా నీకు గుర్తుంటుంది. ఎండలకు ఇన్ని నెలలూ రాయలేదు. దానికి బదులు ఇప్పుడు ఒకేసారి మూడు రాస్తున్నాను.

ఒకటి. యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్, మే నెలాఖరు. పారిస్ వాళ్ళు ఇటలీ వాళ్ళకు అయిదు గోల్స్ వేశారు. వీళ్ళు ఒక్కటీ వెయ్యలేదు. గోలు తెరమీద అంకెల్లో రాస్తారు కాబట్టి దీంట్లో వాదన లేదు. పదకొండు మంది లాగులేసుకుని పరిగెత్తి ఒక్కటి కూడా వెయ్యలేకపోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళారో.

రెండు. ఐపీఎల్. మర్నాడు పొద్దున హోటల్లో చూశాను. బెంగళూరు వాళ్ళ పెద్ద ఆటగాడు, ఆ గడ్డపాయన, గడ్డి మీద మోకాళ్ళ మీద కూలబడి ముఖం దాచుకుని ఏడ్చాడు. పద్దెనిమిదేళ్ళుగా ఓడుతున్నారట, ఇంకోసారి ఓడారు. గెలిచింది పంజాబ్. కోట్లు పెట్టి కొనుక్కున్నవాడు పసిపిల్లవాడిలా ఏడవడం నాకు చూడబుద్ధి కాలేదు. మా బాయిలో రోజుకూలీ వేలు నలిగితే కూడా బయటికొచ్చాకే ఏడ్చేవాడు.

మూడు. పారిస్‌లో టెన్నిస్, ఎర్రమట్టి మీద. స్పెయిన్ కుర్రాడూ ఇటలీ కుర్రాడూ అయిదున్నర గంటలు బంతిని అటు కొట్టి ఇటు కొట్టారు. ఒక షిఫ్టులో సగానికి పైన! ఆఖరికి స్పెయిన్ కుర్రాడు వెల్లకిలా మట్టిలో పడిపోయాడు, మళ్ళీ లేవడేమో అనుకున్నాను. ఇటలీవాడు నిలబడి ఉన్నాడు. ఇటలీదే గెలుపు, రాసుకో. ముప్పై ఏళ్ళు భూమి కింద చేసినవాడికి ఒకటి బాగా తెలుసు. నేల మీద పడినవాడు ఓడినవాడు. నిలబడి ఉన్నవాడు ఇంటికెళ్తాడు.

మీ ప్రమీల మేడంకు పంపు గురించి మళ్ళీ గుర్తు చెయ్యి. చెయ్యకపోతే వచ్చే ఉత్తరంలో ఆమెను కూడా తిట్టి పంపుతాను, చదివి వినిపించు.

సవరయ్య

*

ఆశ్రమ పాఠశాల,
29 జూన్ 2025

మామయ్యకు,

బడి తెరిచారు. సెలవుల్లో ములకలపల్లిలో నాగలత వాళ్ళింట్లో ఉన్నాను. నాగలత మా వంటామె. వాళ్ళింట్లో టీవీ ఉంది, సిగ్నల్ ఉంది, కూలరు కూడా ఉంది. రాణిలా బతికాను.

ఒక చిన్న మాట. ఐపీఎల్ గెలిచింది బెంగళూరే మామయ్యా, ఆరు పరుగులతో. ఆ గడ్డపాయన సంతోషం పట్టలేక ఏడ్చాడు. టీవీలో అరిచి అరిచి చెప్పారు, మీరు వినలేదా? నాగలత తమ్ముడు వీధంతా గంతులేశాడు. మీరు పొరపాటున పేరు తారుమారు చేసి ఉంటారు. మిగతావి సరిగ్గానే ఉంటాయి, రాసుకున్నాను.

పంపు ఇంకా బీరువాలోనే ఉంది. నాలుగు దోమతెరలు చిరిగాయి.

ఆరాధన

*

నేలకొండపల్లి,
3 ఆగస్టు 2025

ఆరాధనకు,

నెల రోజులు రాయకూడదనుకున్నాను. "టీవీలో అరిచి చెప్పారు, మీరు వినలేదా" అని రాశావు. ఆ మాట ఎవరు రాయించారో నాకు తెలుసు. మీ అత్త నీకు చాటుగా ఉత్తరాలు రాస్తున్నది. నాకు చెవుడు అని చెప్పింది కదూ? చర్చిలో ఫాదర్ ప్రసంగం తప్ప నాకు అన్నీ వినబడతాయి. అది కూడా నేను కావాలనే వినను. ఇంకోసారి నా చెవుల సంగతి ఎత్తితే నీ ఆటలన్నీ నువ్వే చూసుకో.

బెంగళూరు గెలిచిందా? గెలిచినవాడు అట్లా ఏడిస్తే తప్పు నాది కాదు, వాడిది. గెలిచిన మనిషికి నిలబడటం చేతకాకపోతే కప్పు ఎదుటివాడికి ఇచ్చెయ్యాలి.

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. లండన్ గడ్డి మీద టెన్నిస్, ఆడపిల్లలది. పోలండ్ పిల్లా అమెరికా పిల్లా. అమెరికా పిల్ల ఒక్క ఆటైనా గెలవలేదు, తెరమీద రెండు వరుసల్లోనూ సున్నాలే ఉన్నాయి. మైకు ముందు నిలబడి ఏడ్చింది. ఓడింది ఆ పిల్లే, పోలండ్‌ది గెలుపు. ఈసారి ఏడ్చినవాళ్ళు ఓడారు, నీ గడ్డపాయనకు ఇది చూపించు.

చెస్, ఆడవాళ్ళ ప్రపంచకప్పు, జార్జియా దేశంలో. ఇద్దరూ మనదేశం వాళ్ళే. ఒకరు మన తెలుగామె, పెద్ద పేరున్నామె. ఇంకొకరు నాగపూర్ పిల్ల, పందొమ్మిదేళ్ళది. చెస్ ఒక ఆటా? చెమట పట్టని దాన్ని ఆట అంటే మా బాయిలో అటెండెన్స్ గుమాస్తా ఒలింపిక్కు వెళ్ళాల్సినవాడు. ఆట అయిపోగానే నాగపూర్ పిల్ల వాళ్ళమ్మను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మన తెలుగామె చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. గెలిచింది తెలుగామె. ఇందులో మాత్రం నేను తిట్టను, గెలిస్తే అట్లా ఉండాలి.

పేర్లు విడికాగితం మీద పొడి అక్షరాల్లో రాశాను.

వినగలిగిన మామ,
సవరయ్య

*

ఆశ్రమ పాఠశాల,
24 ఆగస్టు 2025

మామయ్యకు,

తప్పయింది. అత్తమ్మ నాకు ఏమీ రాయలేదు, ఒట్టు. ఆమెను ఏమీ అనకండి. ఇకమీద మీరు రాసినదాన్ని తిరిగి ప్రశ్నించను.

ఒక్క కోరిక. గెలుపోటములతో పాటు ఎవరు ఏడ్చారు, ఎవరు నేల మీద పడ్డారు, ఎవరు నిలబడి ఉన్నారు అనేది తప్పకుండా రాయండి. మీరు అట్లా రాస్తే కళ్ళ ముందు కనబడుతుంది. ఆ ముక్క వదిలేస్తే నాకు ఏదీ గుర్తుండదు.

ఇక్కడ వానలు. టవరు పిడుగుకు పోయింది, బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు వాగు దాటలేక వెనక్కి వెళ్ళారు. పంపు దొరికింది! ప్రమీల మేడం బీరువా పగలగొట్టించింది. దాంట్లో పంపుతో పాటు ఆ రెండు దోమతెరలు కూడా ఉన్నాయి. నన్ను సంజాయిషీ అడిగిన కాగితం వెనక్కి ఇస్తుందా అని చూశాను, ఇవ్వలేదు.

ఆరాధన

*

నేలకొండపల్లి,
6 నవంబరు 2025

ఆరాధనకు,

ఇప్పుడు దారికొచ్చావు. ఎవరు ఏడ్చారో తెలిస్తే ఆట మొత్తం తెలిసినట్టే. నువ్వడిగినట్టే రాస్తున్నాను.

సెప్టెంబరులో హాకీ ఆసియాకప్పు మనది. కొరియా మీద నాలుగు, ఒకటి. ఎవరూ ఏడవలేదు. హాకీలో ఏడ్చే తీరిక ఉండదు, అందుకే దాన్ని ఎవరూ చూడరు.

టోక్యోలో పరుగులు, దూకుళ్ళు. స్వీడన్ కుర్రాడొకడు వాసం పట్టుకుని ఆరు మీటర్ల ముప్పై ఎగిరాడు. ప్రపంచంలో ఎవడూ అంత ఎగరలేదట. ఎగిరి పరుపు మీద పడ్డాడు. వెంటనే లేచి కేకలేస్తూ పరిగెత్తాడు కాబట్టి గెలిచినట్టే లెక్క. అంత ఎత్తుకు ఎక్కి అక్కడ ఏం తెచ్చాడని అడగాలనుంది. మా తాత తాటిచెట్టు ఎక్కితే కల్లు తెచ్చేవాడు.

క్రికెట్ ఆసియాకప్పు, దుబాయ్. పాకిస్తాన్ మీద మనవాళ్ళు గెలిచారు. గెలిచి కప్పు తీసుకోకుండా వట్టిచేతులు పైకెత్తి ఫోటో దిగారు. ఎందుకో అడగకు, పెద్దవాళ్ళ తగాదా. కప్పు లేకుండా గెలవడం నాకు నచ్చింది, అందరూ అట్లాగే చేస్తే గూళ్ళు ఖాళీగా ఉంటాయి.

ఆడవాళ్ళ క్రికెట్ ప్రపంచకప్పు. మన అమ్మాయిలు గెలిచారు, ఓడింది సౌతాఫ్రికా, యాభై రెండు పరుగులతో. ఇక్కడ అందరూ ఏడ్చారు, గెలిచినవాళ్ళు కూడా. నాకు లెక్క కుదరలేదు. కానీ పొద్దున నేను టీ తాగుతుంటే హోటల్ ముందు కుర్రాళ్ళు పటాకులు కాల్చారు. వీపు వెనక కాల్చినట్టున్నారు, పొగ నా మీదికి వచ్చాక తిరిగి చూసి సంగతి తెలుసుకున్నాను. పటాకులు కాల్చడం కూడా సరిగ్గా రాదు వీళ్ళకు. ఒక వరసలో పెట్టి ఒకదాని తరువాత ఒకటి అంటించాలి. నేనైతే నేర్పేవాణ్ణి.

పరీక్ష వచ్చే నెలే కదా. నా కాగితాలన్నీ వరసగా పెట్టుకుని చదువు. వాటిని నమ్ముకుంటే చాలు.

సవరయ్య

(కవరు వెనక, పెన్సిల్‌తో)

బిడ్డా, మీ అత్తను. మీ మామకు తెల్వకుండ రాస్తున్న. మొన్న కుక్కరు ఏడు కూతలు కూసి మాడి పొగలు కక్కినా పక్కన కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. వీపు వెనక పటాకులు పేలినా ఉలకలే అని యాకూబ్ చెప్పి నవ్విండు. నాకు నవ్వు రాలే. నేను దవాఖానాకు పోదామంటే మీద పడ్తడు. నువ్వు ఎట్లనన్న చెప్పు బిడ్డా. విశ్రాంతమ్మ.

*

ఆశ్రమ పాఠశాల,
10 డిసెంబరు 2025

మామయ్యకు,

ఆదివారం ఖమ్మంలో పరీక్ష. అదే సాయంత్రానికి పిల్లల దగ్గరికి తిరిగి రావాలి, నేలకొండపల్లి రాలేను. మీ కాగితాలు అన్నీ కంఠస్థం. మీ తిట్లు పిల్లలకు కూడా వచ్చేశాయి. నిన్న ఖోఖోలో జారిపడిన పిల్లను చూసి ఇంకో పిల్ల "నేల మీద పడినవాడు ఓడినవాడు" అన్నది, అచ్చం మీలాగే చెయ్యి ఊపి. ఆ పిల్ల మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు.

అత్తమ్మను కుక్కరు దగ్గర జాగ్రత్తగా ఉండమనండి.

ఆరాధన

*

నేలకొండపల్లి,
30 జనవరి 2026

బిడ్డా ఆరాధనా,

ఈ ఉత్తరంలో ఏ ఆటా లేదు.

మా పక్కింటి సోమ్లా మొన్న పని మీద కొత్తగూడెం వెళ్ళాడు. బస్టాండులో నిన్ను చూశాడట. చేతిలో కాగితం పట్టుకుని, సిమెంటు నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నావట. పలకరించడానికి ధైర్యం చాలక వచ్చేశాడు. నాకు చెప్పబోయి, నాకు అందక, పలక మీద రాసి చూపించాడు. పలక మీద రాసి చూపించాల్సిన మనిషిని నేను. అది నీకు ముందే చెప్పి ఉండాల్సింది.

నాకు చెవులు పనిచెయ్యవు. ఏదో కొంచెం కాదు, అసలే. టీవీలో ఏ ఒక్క మాటా నేను వినలేదు. ముఖాలు చూసి రాశాను. ఏడ్చినవాడు ఓడాడనుకున్నాను, పడినవాడు ఓడాడనుకున్నాను. మొన్న సోమ్లా వెళ్ళాక మొదటిసారి యాకూబ్ హోటల్లో పాత పేపర్లు తీసి ఆటల పేజీలు చదివాను. ఎర్రమట్టి మీద వెల్లకిలా పడిన స్పెయిన్ కుర్రాడే గెలిచాడట. అమ్మను పట్టుకుని ఏడ్చిన నాగపూర్ పిల్లే గెలిచిందట. నీకు రాసినవాటిలో ఎన్ని తప్పులో నాకు తెలియదు. నిన్ను నా కాగితాలు నమ్ముకోమన్నాను. నీ తొమ్మిదేళ్ళ ఉద్యోగం నా పొగరుకు పోయింది.

ఇది రెండోసారి. మొదటిది మీ అత్తకు కూడా తెలియదు.

పదకొండేళ్ళ కిందటి సంగతి. అప్పటికే నాకు ఎడమ చెవి పోయింది, కుడిది పోతున్నది. డాక్టరు పరీక్ష పెట్టినప్పుడల్లా పెదవులు చూసి జవాబు చెప్పి గట్టెక్కేవాణ్ణి. షాట్‌ఫైరర్ అంటే చెవులే బిడ్డా. ఏడు రంధ్రాల్లో మందు పెడితే ఏడు చప్పుళ్ళు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఎవరినీ లోపలికి వదలకూడదు. పేలని మందు ఆ బొగ్గులోనే ఉంటుంది. నేను గోడకు అరచెయ్యి ఆనించి అదురు లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు ఏడు అనిపించింది. పొగ తగ్గాక వెళ్ళి చూశాను, చూసినట్టు చేశాను. పుస్తకంలో ఏడు అని రాసి సంతకం పెట్టాను. పేలింది ఆరు.

బొగ్గు నింపడానికి వెళ్ళింది గురవయ్య. నీకు తెలుసు, పెనుబల్లి గురవయ్య, మీ అమ్మ పెళ్ళికి మేకను తెచ్చినాయన. అతని గడ్డపార దానికి తగిలింది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఎంక్వయిరీలో నా పుస్తకం చూశారు. ఏడు అని ఉంది. గురవయ్య అజాగ్రత్త అని రాశారు. నేను నోరు తెరవలేదు.

రెండు నెలల తరువాత సేఫ్టీ వారోత్సవాల్లో ఉత్తమ షాట్‌ఫైరర్ అని నాకు కప్పు ఇచ్చారు. గురవయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. కట్టు కట్టిన చేత్తో చప్పట్లు కొట్టబోయి, కుదరక, తొడ మీద కొట్టుకున్నాడు. నాకు ఏ చప్పట్లూ వినబడలేదు, ఆ చెయ్యి మాత్రం కనబడింది.

కప్పులంటే, పతకాలంటే, గెలిచినవాళ్ళంటే నాకు అంత కంపరం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. స్టేజీ ఎక్కినవాడిని ఎవడిని చూసినా నాకు నేనే కనబడతాను. అందరినీ ఏడాదంతా తిట్టాను. తిట్టాల్సినవాణ్ణి ఒక్కణ్ణి వదిలేశాను.

నాకు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

సవరయ్య

*

ఆశ్రమ పాఠశాల,
5 ఫిబ్రవరి 2026

మామయ్యకు,

సోమ్లా చూసింది నిజం. కొత్తగూడెం బస్టాండులో కూలబడి ఏడ్చాను. జాబితాలో నా పేరు ఉంది మామయ్యా. రెగ్యులర్ పోస్టు వచ్చింది. ఎవరు చూస్తున్నారో కూడా తెలియలేదు. ఇప్పుడైనా ఆ గడ్డపాయనను క్షమించండి.

ఇప్పుడు నా వంతు ఒప్పుకోవాల్సింది ఉంది. మీకు వినబడదని నాకు ఆగస్టు నుంచీ తెలుసు. ములకలపల్లిలో ఒక పుస్తకం కొన్నాను, జూన్ దాకా ఫలితాలున్నాయి దాంట్లో. టెన్నిస్ తిరగబడి ఉంది. మీ ఉత్తరం మళ్ళీ చదివితే ఎందుకు తిరగబడిందో దాంట్లోనే రాసి ఉంది. అప్పటికే నాకు మీ కోపం ఉత్తరం వచ్చింది. చెవుల మాట ఎత్తితే రాయడం మానేస్తారని నోరు మూసుకున్నాను. ఎవరు ఏడ్చారో రాయమని అడిగింది అందుకే.

పరీక్షలో ఈ ఏడాది ఫలితాల మీద నాలుగు ప్రశ్నలు వచ్చాయి. ఖోఖోకు నేపాల్, లాగులతో సహా గుర్తొచ్చింది. టెన్నిస్‌లో మట్టిలో పడిన కుర్రాణ్ణి పెట్టాను. చెస్‌లో ఏడ్చిన పిల్లను పెట్టాను. మూడూ సరిపోయాయి. నాలుగోది లండన్ టెన్నిస్. మైకు ముందు ఏడ్చిన అమెరికా పిల్ల గుర్తొచ్చింది, మామయ్య ఓడిందన్నాడు కాబట్టి గెలిచే ఉంటుందనుకుని పెట్టాను. అది తప్పు. ఆ ఒక్కటి మీరు సరిగ్గా రాశారు, నేను నమ్మలేదు. ఓడినవాళ్ళు కూడా ఏడుస్తారని మర్చిపోయాను. ఆ మార్కు మాత్రం నా పొగరుకు పోయింది.

గురవయ్య బాబాయి సంగతి చదివాక ఒక పూట అన్నం తినలేదు. మీ మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది, లేదని రాయను. అది నాకు రాస్తే సరిపోదు. నా ఉద్యోగం పోలేదు కాబట్టి నా దగ్గర మీకు క్షమాపణ పని లేదు. ఆయన వేళ్ళు పోయాయి, పైగా అజాగ్రత్త అనే మాట పదకొండేళ్ళుగా ఆయన పేరు మీద ఉంది. ఈ ఉత్తరం కాదు, మనిషిగా వెళ్ళండి.

ఆరాధన

*

నేలకొండపల్లి,
16 ఫిబ్రవరి 2026

ఆరాధనకు,

పోస్టు వచ్చినందుకు మీ అత్త వీధంతా మిఠాయి పంచింది. నాకు ఒకటి తక్కువ పెట్టింది, కుక్కరు సంగతి ఇంకా మర్చిపోలేదు. ఓడిన పిల్ల ఏడ్చిందని అంత స్పష్టంగా రాస్తే నమ్మకుండా మార్కు పోగొట్టుకున్నావు. దద్దమ్మవు. ఇది నీకు చచ్చేదాకా గుర్తుండాలి.

నిన్న పెనుబల్లి వెళ్ళాను. అగ్గిపెట్టెలు తీసి గూట్లో పెట్టి, కప్పు సంచిలో వేసుకుని వెళ్ళాను. గురవయ్య వాకిట్లో మంచం అల్లుతున్నాడు. ఏడు వేళ్ళతో అంత బిగువుగా అల్లేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. కప్పు ఆయన ముందు పెట్టి మొత్తం చెప్పాను, ఏడు అని రాసింది, ఆరే పేలింది, ఎంక్వయిరీలో నోరు మూసుకున్నది. వాళ్ళావిడ బతుకమ్మ గడపలో నిలబడి వింటున్నది. చెప్పడం అయ్యింది. ఆ వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. గురవయ్య నిలబడే ఉన్నాడు. నా పాత లెక్కలో ఎవరు గెలిచారో నీకు రాయక్కర్లేదు.

అప్పుడు గురవయ్య ఒక మాట అన్నాడు. ఒక్కటే మాట, చిన్నది. డాక్టర్ల పెదవులు చదివి పాతికసార్లు పాసైనవాణ్ణి, కళ్ళ నిండా నీళ్ళుండి ఆ ఒక్క మాట చదవలేకపోయాను. నాకు వినబడలేదు, మళ్ళీ అనమని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపి మంచం అల్లడానికి కూర్చున్నాడు. బతుకమ్మను చూశాను, ఆమె ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళింది. క్షమించానన్నాడో, లే, పో అన్నాడో నాకు తెలియదు. కప్పు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

సోమ్లా పలక వెంట తీసుకెళ్ళి రాయించుకోవాల్సింది అని మీ అత్త అన్నది. అట్లాంటి మాట పలక మీద రాయించుకునేది కాదు.

ఖమ్మంలో చెవి మిషన్లు పెట్టే దవాఖానా ఉందన్నావట అత్తతో. సెలవు ఎప్పుడో చూసుకుని రా, వస్తాను. ఎన్నాళ్ళు పట్టినా సరే, అది పెట్టుకుని మళ్ళీ పెనుబల్లి వెళ్తాను. ఆ మాట ఇంకోసారి అనమంటాను. తిట్టే అయినా సరే, విని వస్తాను.

మీ మామ,
సవరయ్య